కయాకింగ్‌లో చేతి తిమ్మిరి: ముందు ఏం మార్చాలి, ఏం కొనకుండా ఆగాలి

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, ఇటు ఆంధ్రా సరిహద్దులో ఇచ్ఛాపురం వైపు కయాకింగ్ (రెండు చివర్లా ఆకులుండే తెడ్డుతో సన్నటి పడవ నడపడం) చేసే మనవాళ్ళు ఇద్దరు కలిస్తే మాట తెడ్డు మీదికి, అక్కణ్ణుంచి చేతి తిమ్మిరి మీదికి వెళ్ళిపోతుంది. ఒకరు కార్బన్ తెడ్డు కొనమంటారు. ఒకరు చేతులు పెట్టే చోట మెలి తిరిగి ఉండే వంపు కర్ర మంచిదంటారు. ఇంకొకరు గ్లవ్స్ లేకుండా నీళ్ళలోకి దిగొద్దంటారు. మందుల షాపులో అడిగితే నరాల బిళ్ళల అట్ట చేతిలో పెడతారు. వీటిలో ప్రతిదీ ఏదో ఒక రకం తిమ్మిరికి పనికొస్తుంది, మిగతా రకాలకి బొత్తిగా పనికిరాదు. అందుకే డబ్బు పెట్టాక కూడా చాలామంది అదే చెయ్యి విదిలించుకుంటూ కనిపిస్తారు.

నన్ను అడిగినవాళ్ళకి నేను చెప్పే వరస ఇది: ముందు పట్టు సడలించండి, తర్వాత ఫెదర్ కోణం, అంటే తెడ్డు రెండు ఆకులనీ ఒకదానికొకటి తిప్పి అమర్చిన కోణం, మార్చి చూడండి, అప్పటికీ తగ్గకపోతే ఆకు సైజూ తెడ్డు బరువూ ఆలోచించండి, వంపు కర్ర సంగతి అన్నిటికన్నా చివర. మొదటి రెండింటికీ రూపాయి ఖర్చు లేదు. కాకపోతే ఈ వరసలోకి దిగేముందు మొద్దుబారుతున్నవి ఏ వేళ్ళో గమనించుకోవాలి. అది తెలియకుండా ఏది కొన్నా గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టే.

వేళ్ళు చెప్పే సంగతి

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో మధ్యవేలి వైపు సగం తిమ్మిరెక్కుతున్నాయంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుంటోందని అనుమానించాలి. కార్పల్ టన్నెల్ అనేది దీన్నే. మణికట్టు ఎముకలకీ, వాటిమీద కప్పినట్టుండే గట్టి పట్టీకీ మధ్య ఇరుకు సందులోంచి వేళ్ళని ముడిచే 9 స్నాయువులూ ఈ ఒక్క నరమూ కలిసి వెళ్తాయి. తెడ్డుని గంటల తరబడి బిగించి పట్టుకుంటే ఆ స్నాయువుల పొరలు ఉబ్బుతాయి, ఉన్న చోటు కాస్తా తగ్గిపోతుంది, మధ్యలో నరం నలుగుతుంది. ఇందులో ఒక ఆనవాలుంది. వేళ్ళు మొద్దుబారినా అరచేతి మొదట్లో స్పర్శ మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడికి వెళ్ళే కొమ్మ ఆ సందులోకి దూరకుండా పైనుంచే పోతుంది. రాత్రి తిమ్మిరికి మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే గాని హాయి అనిపించకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. ఇంట్లో చూసుకోవాలంటే రెండు చేతుల వెనకవైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు నేలవైపు ఉండేలా మణికట్లు వంచి ఒక నిమిషం ఉంచండి. ఆ వేళ్ళలోనే సూదులు గుచ్చినట్టు మొదలైతే డాక్టరుకి ఆ మాట చెప్పండి.

చిటికెన వేలూ, దాని పక్కన ఉంగరం వేలిలో సగమూ అయితే అది వేరే నరం, అల్నార్. మోచెయ్యి ఎముకకి దెబ్బ తగిలితే జివ్వుమని లాగుతుందే, అదే ఈ నరం. ఇది నలిగేది మోచేతి దగ్గరా, అరచేతి కిందా అన్నది తేల్చడానికి చేతి వెనక్కి తిప్పి చూడాలి. చిటికెన వేలి వైపు అరచేతి వెనకభాగం కూడా మొద్దుబారితే కీలకం మోచెయ్యి, లేదా ఇంకా పైన. ముందువైపు మాత్రమే అయితే మణికట్టు దగ్గర చూడాలి. వెనకభాగానికి వెళ్ళే కొమ్మ మణికట్టు రాకముందే విడిపోతుంది కాబట్టి ఈ తేడా. సైకిల్ హ్యాండిల్ మీద బరువు వేసి దూరం తొక్కేవాళ్ళకి అరచేతి కింద నలగడం మామూలు. తెడ్డు వేసేవాళ్ళలో మోచేతిని మరీ ముడిచి, చేతులు దగ్గరగా పెట్టి పట్టుకునేవారికి మోచేతి దగ్గర ఇబ్బంది రావచ్చు.

ఐదు వేళ్ళూ ఒకేసారి, నీళ్ళలోకి దిగిన పదిహేను ఇరవై నిమిషాలకే మొద్దుబారి, ముంజేయి రాయిలా బిగిస్తే, అందులో ఎక్కువ భాగం పట్టు దోషమే. ఒడ్డుకి చేరిన కాసేపటికి పోతుంది. మెడ తిప్పినప్పుడు భుజం మీదుగా కిందికి కరెంటులా పాకితే మాత్రం తెడ్డు జోలికి పోకండి, అది మెడ ఎముకల దగ్గర చూడాల్సిన విషయం. చేతులు భుజం కంటే పైకెత్తినప్పుడే తిమ్మిరి వచ్చి, దించితే పోతుంటే మెడకీ కాలర్ ఎముకకీ మధ్య ఇరుకులో నరాలు నలుగుతూ ఉండొచ్చు. అప్పుడు తెడ్డుని నిటారుగా ఎత్తి వేసే పద్ధతి మానేసి, చేతులు గుండె ఎత్తులో ఉంచి వేస్తే తేడా తెలుస్తుంది. లైఫ్ జాకెట్ భుజం పట్టీలు మరీ బిగించుకున్నారేమో కూడా చూసుకోండి.

అసలు ఇది కయాక్ వల్లనేనా అన్నది కూడా ఆలోచించాలి. మనలో చాలామంది వారానికి ఒక పూట తెడ్డు వేస్తారు, మిగతా ఆరు రోజులూ స్కూటర్ యాక్సిలరేటర్ తిప్పుతూ, కీబోర్డు కొడుతూ, ఫోను చిటికెన వేలి మీద నిలబెట్టి చూస్తూ ఉంటారు. యాక్సిలరేటర్ పట్టుకున్న కుడి మణికట్టు వెనక్కి వంగి ఉండే తీరూ, 60 డిగ్రీల ఫెదర్ తెడ్డు పట్టుకున్న కుడి మణికట్టు వంగే తీరూ ఇంచుమించు ఒకటే. బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్ళల్లో అడగండి, తెడ్డు మొహం చూడనివాళ్ళకి కూడా ఈ తిమ్మిరి బాగా తెలుసు. రెండు చేతులకీ ఒకేసారి వస్తే, అరికాళ్ళు కూడా మొద్దుబారుతుంటే, ముందు షుగర్ చూపించుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, గర్భంతో ఉన్నా కార్పల్ టన్నెల్ వస్తుంది. ఆ కారణం తేలకుండా ఎంత ఖరీదైన తెడ్డు తెచ్చుకున్నా ఫలితం ఉండదు.

పట్టు

గోపాలపురం ఒడ్డున ఒడియావాళ్ళు నోలియాలనే మన తెలుగు జాలర్లు ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన మా గుంపులో కొత్త కుర్రాడిని చూసి ఒక మాటన్నాడు: "అంత గట్టిగా అట్టుకుంతే తెడ్డేటి పారిపోద్దా బాబూ?" ఇంత సూటిగా చెప్పిన శిక్షకుడిని నేను చూడలేదు.

లాగే చెయ్యి తెడ్డుని కొక్కెంలా తగిలించుకుంటే చాలు, పిడికిలి బిగించక్కర్లేదు. నెట్టే చెయ్యి, అంటే పైన ఉన్న చెయ్యి, ఆ క్షణంలో దాదాపు తెరుచుకోవచ్చు. వేళ్ళు ముందుకి చాచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందుతో నెట్టినా తెడ్డు ఎక్కడికీ పోదు. ఇలా చేస్తే ప్రతి వేటుకీ ఒక చేతికి అర సెకను విశ్రాంతి దొరుకుతుంది. నిమిషానికి యాభై వేట్లు వేస్తే గంటకి మూడు వేలు. బిగించిన పిడికిలికి ఆ విశ్రాంతి మూడు వేలసార్లు దొరకదు, తెరిచిన చేతికి దొరుకుతుంది.

చేతుల మధ్య దూరం కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. తెడ్డుని తలమీద అడ్డంగా పెట్టుకుంటే మోచేతులు లంబకోణంలో ఉండాలి. ఆ చోట కర్రమీద చిన్న టేపు ముక్క అంటించుకోండి. అలసట వచ్చేకొద్దీ చేతులు తెలియకుండా దగ్గరికి జరుగుతాయి, టేపు గుర్తు చేస్తుంది. చేతులతో లాగడం తగ్గించి నడుము తిప్పి లాగడం నేర్చుకుంటే సగం తిమ్మిర్లు అక్కడితో ఆగుతాయి. నడుము తిరగాలంటే పాదాలు గట్టిగా ఆనాలి, వెనక సీటుమీద వాలిపోకూడదు. పాదాలు ఆనించే ఫుట్ పెగ్ ఒక గాడి ముందుకో వెనక్కో జరపడం ఎంత తేడా తెస్తుందో చేసి చూస్తే గాని నమ్మబుద్ధి కాదు.

చిన్న విషయమే గాని చెప్పాలి. ఎండకి సన్‌స్క్రీన్ రాసుకుని, చలికాలం అయితే కొబ్బరినూనె రాసుకుని అవే చేతులతో తెడ్డు పట్టుకుంటారు. జారుతుంది కదా, జారే వస్తువుని చెయ్యి దానంతటదే బిగిస్తుంది. క్రీములన్నీ చేతి వెనకవైపే రాసుకుని, అరచేతుల్ని తడి ఇసుకతో రుద్ది కడిగి అప్పుడు ఎక్కండి.

ఫెదర్: సున్నా, ముప్ఫై, అరవై

తెడ్డుకి రెండు చివర్లా ఉండే ఆకులు ఒకే తలంలో ఉంటే ఫెదర్ సున్నా. ఒకదానికొకటి తిప్పి అమర్చితే ఆ తిప్పిన కోణమే ఫెదర్. ఒకప్పుడు 90 డిగ్రీలు సాధారణం. తర్వాత 60 అయింది, ఇప్పుడు చాలామంది 30, 45 మధ్య పెట్టుకుంటున్నారు. అసలు ఫెదర్ ఎందుకంటే, ఎదురుగాలిలో పైకి లేచిన ఆకు గాలికి అడ్డంగా నిలబడకుండా అంచుతో కోసుకుపోవాలని. చిలికా సరస్సులో రంభ ఒడ్డు నుంచి బయల్దేరి మధ్యాహ్నం గాలికి ఎదురు తిరిగి వచ్చినవాళ్ళకి ఆ సుఖం తెలుసు.

ఆ సుఖానికి మణికట్టు వడ్డీ కడుతుంది. కుడిచేతి పట్టు స్థిరంగా ఉండే తెడ్డులో, ఎడమ ఆకు నీళ్ళలోకి సరిగా దిగాలంటే ప్రతిసారీ కుడి మణికట్టు వెనక్కి వంగాలి. కోణం పెద్దదయ్యేకొద్దీ ఆ వంపూ పెద్దదవుతుంది. వంగిన మణికట్టులో నరం చోటు ఇంకా తగ్గుతుంది, పైన వేళ్ళని చాచే స్నాయువులు కూడా రాపిడికి లోనవుతాయి. మీ తిమ్మిరి కుడిచేతికే ఉండి ఎడమచెయ్యి బాగుంటే, మీ తెడ్డు 60 డిగ్రీల మీద ఉంటే, ఇంకేదీ చూడకుండా ముందు దీన్ని మార్చండి. మధ్యలో విడదీసి బిగించే తెడ్లకి చాలావాటికి కోణం మార్చుకునే వీలుంటుంది.

ఎంతకి మార్చాలి అన్నదానికి మీ తెడ్డు వేసే తీరే సమాధానం. చేతులు కింద ఉంచి, కర్ర దాదాపు అడ్డంగా ఉండేలా నింపాదిగా వేసేవారికి సున్నా నుంచి పదిహేను హాయిగా ఉంటుంది. కర్రని నిలువుగా ఎత్తి జోరుగా వేసేవారికి చెయ్యి పైకి లేచేటప్పుడు ముంజేయి కొంచెం తనంతట తనే తిరుగుతుంది, అందువల్ల వాళ్ళకి 30, ఒక్కోసారి 45 కూడా మణికట్టుని నిటారుగానే ఉంచుతాయి. సున్నాయే అందరికీ మంచిదని వాదించేవాళ్ళతో నేను ఏకీభవించను, కానీ 60కి పైన ఉంచుకోవడానికి మన తీరంలో కారణం కూడా నాకు కనపడదు. ఇక్కడ మనం ఎక్కువగా తెల్లవారుజామున బయల్దేరి గాలి లేచేలోపు తిరిగొచ్చేస్తాం. వచ్చే గాలి ఎలాంటిదో చూసుకుని మణికట్టుని త్యాగం చేయాలి గాని, ముందే చేస్తే ఎలా?

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను. కోణం మార్చిన తెడ్డుతో మీ చేతి అలవాట్లు కొన్నాళ్ళు తప్పు చెబుతాయి. పడవ వాలినప్పుడు నీళ్ళమీద చరిచి నిలబడదామని ఆకు వేస్తే, అది బల్లపరుపుగా పడకుండా అంచుతో దిగిపోయి మీరు కూడా దానితోపాటు వెళ్తారు. గోపాలపురం ఒడ్డు ఏటవాలు, అల ఒక్కసారిగా విరిగి కుమ్మరిస్తుంది. అలాంటి చోట ఈ ప్రయోగం వద్దు. ఛత్రపురం పక్కన తంపారా సరస్సు ఉంది, మంచినీళ్ళు, అలలు లేవు. కొత్త కోణానికి చెయ్యి అలవాటు పడేదాకా అక్కడే వేయండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మాత్రం తంపారాని కూడా నమ్మకండి, కాలబైశాఖి గాలి లేచిందంటే సరస్సూ సముద్రమూ ఒకటే.

ఆకు, బరువు, కర్ర

పట్టూ కోణమూ సరిచేశాక కూడా ముంజేతులు పీకుతుంటే అప్పుడు డబ్బు తీయాలి. మొదట ఆకు సైజు. పెద్ద ఆకు ఒక్కో వేటుకి ఎక్కువ నీటిని పట్టుకుంటుంది, సైకిల్‌ని పెద్ద గేరులో పెట్టి తొక్కినట్టు. ఒక్కో వేటు బరువు కీళ్ళమీద పడుతుంది. సుమారు 700 చదరపు సెంటీమీటర్ల ఆకు వాడుతున్నవారు 600 దగ్గరికి దిగితే వేగం పెద్దగా తగ్గదు, వేట్లు కొంచెం పెరుగుతాయి, కీళ్ళు మాత్రం తేరుకుంటాయి. బలవంతులైన కుర్రాళ్ళు పెద్ద ఆకే కావాలంటారు. కావాలనుకోవడం వేరు, నాలుగు గంటలు వేయడం వేరు.

తర్వాత బరువు. అల్యూమినియం కర్ర, ప్లాస్టిక్ ఆకులతో అద్దె పడవల్లో ఇచ్చే తెడ్డు కిలో దాటుతుంది. ఫైబర్‌గ్లాస్ 800, 900 గ్రాముల్లో వస్తుంది. కార్బన్ అయితే 700 లోపు కూడా దొరుకుతుంది. గంటకి మూడు వేలసార్లు ఎత్తి దించే వస్తువులో 300 గ్రాములు తగ్గడం అంటే చిన్న విషయం కాదు, ముఖ్యంగా భుజాలకి. అయినా వేళ్ళ తిమ్మిరికే అయితే కార్బన్ మొదటి మందు కాదు. ఫైబర్‌గ్లాస్, చిన్న ఆకు అన్నది నా సలహా. కార్బన్ మన ఇసుకలో, రాళ్ళలో అంచులు చిట్లుతుంది, ధర కూడా దిగుమతి సరుకు ధరే.

గ్రీన్‌లాండ్ తెడ్డు వేరే దారి. సన్నటి పొడుగాటి చెక్క ఆకులు, ఫెదర్ సున్నా, మధ్యలో కర్ర భుజాలంత వెడల్పు. ఆకు వెడల్పు మన చేతిలో ఇమిడేంత, 8 లేదా 9 సెంటీమీటర్లు. నీటిని మెల్లగా పట్టుకుంటుంది, కుదుపు లేదు, మణికట్టు తిప్పే పని లేదు. మోచేతి నొప్పి ఉన్నవారికీ, దూరం వెళ్ళేవారికీ ఇది నా మొదటి ఎంపిక. పైగా కొనక్కర్లేదు. ముడులు లేని, నార నిటారుగా ఉన్న తేలిక చెక్క దొరికితే మంచి వడ్రంగి చేసిపెడతాడు. పొడవుకి పాత కొలత ఉంది: రెండు చేతులు చాచిన బార, దానికి ఒక మూర కలపాలి. లోపం ఏమిటంటే, అలల మధ్య ఒక్క వేటుతో పడవని ముందుకి ఉరికించాలంటే ఈ సన్నటి ఆకు కొంచెం మొరాయిస్తుంది. రెండు తెడ్లూ డెక్ మీద పెట్టుకుని, ఒడ్డు దగ్గర మామూలుదీ బయటికి వెళ్ళాక ఇదీ వాడేవాళ్ళు ఉన్నారు. పోటీల్లో వాడే వింగ్ తెడ్డు గురించి అడుగుతారు గాని, తిమ్మిరి ఉన్నవారు దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఇక వంపు కర్ర. చేతులు పెట్టే చోట కర్రని మెలి తిప్పి చేస్తారు, లాగేటప్పుడు మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలని. మణికట్టు పైన స్నాయువుల నొప్పి ఉన్నవారిలో కొందరికి ఇది నిజంగానే పని చేస్తుంది. అయితే ఇది చేతులకి ఒకే చోటు కేటాయిస్తుంది. గాలికి పడవ తిరిగిపోతున్నప్పుడు తెడ్డుని ఒక పక్కకి జరిపి పొడుగు వేటు వేయాలంటే ఆ మెలిక అడ్డొస్తుంది. బరువూ ధరా రెండూ ఎక్కువ. బిగించి పట్టే అలవాటు ఉన్నవారికి వంపు కర్ర ఇస్తే ఆ వంపుని కూడా బిగించే పడతారు. ఎవరిదైనా అడిగి ఒక పూట వేసి చూడకుండా మాత్రం కొనకండి.

కర్ర మందం సంగతి చాలామంది పట్టించుకోరు. పట్టుకున్నప్పుడు బొటనవేలి కొన చూపుడువేలి గోరుని తాకేలా ఉండాలి. చేతులు చిన్నవైన ఆడవాళ్ళకి మామూలు కర్ర లావుగా ఉండి, తెలియకుండా బిగింపు పెరుగుతుంది. వాళ్ళు సన్న కర్రే అడగాలి. పెద్ద చేతులవారికి కర్ర మరీ సన్నగా అనిపిస్తే బ్యాడ్మింటన్ రాకెట్‌కి చుట్టే టేపు ఒక పొర చుట్టొచ్చు. క్రికెట్ బ్యాటు రబ్బరు గ్రిప్ తొడిగినవాళ్ళని కూడా చూశాను, అది మరీ మందం. ఫెదర్ ఉన్న తెడ్డుకి ఎడమచేతి దగ్గర ఏ గ్రిప్పూ వద్దు. అక్కడ కర్ర చేతిలో గిర్రున తిరగాలి, రబ్బరు తిరగనివ్వదు.

గ్లవ్స్ గురించి ఒక్క ముక్క: చలి నీళ్ళ దేశాల్లో వాడే మందపాటి నియోప్రీన్ గ్లవ్స్ మనకి అక్కర్లేదు, వాటితో పట్టు బిగింపు పెరుగుతుంది. ఎండ కోసం పల్చటి గుడ్డవి చాలు.

పడవా గాలీ

ఒకే చేతికి తిమ్మిరి రావడానికి తెడ్డుతో సంబంధం లేని కారణం ఒకటుంది. పక్కగాలిలో పడవ ముక్కు గాలివైపు తిరిగిపోతూ ఉంటుంది, దాన్ని సరిచేయడానికి గాలివైపు చేత్తోనే వేటు మీద వేటు వేస్తూ పోతాం. రెండు గంటలయ్యేసరికి ఆ ఒక్క చెయ్యే మొద్దుబారుతుంది. వేసవిలో నైరుతి గాలి మన తీరం వెంబడే వీస్తుంది కాబట్టి దక్షిణాన ఉన్న సోనపూర్ వైపు నుంచి గోపాలపురం వైపు వస్తున్నప్పుడు గాలి వెనకనుంచో వెనక పక్కనుంచో తోస్తుంది, ముక్కు నిలవదు. అడుగున దించే స్కెగ్ ఉంటే దించండి, చుక్కాని ఉంటే వాడండి. చుక్కాని వాడితే చేతకానితనం అనే మాట ఎవరు పుట్టించారో గాని, దాన్ని నమ్మి మోచేతులు పాడుచేసుకోవడం వృథా. రెండూ లేకపోతే సామాను వెనకవైపు సర్దితే కొంత నయం.

అద్దెకి దొరికే పైన కూర్చునే ప్లాస్టిక్ కయాకులు వెడల్పుగా ఉంటాయి. వాటికి పొట్టి తెడ్డు ఇస్తే ప్రతి వేటుకీ భుజం ఎత్తి, మణికట్టు వంచి అంచు దాటించాలి. 230, 240 సెంటీమీటర్ల తెడ్డు అడిగి తీసుకోండి. సన్నటి సముద్రపు కయాక్‌కి 210 నుంచి 220 సరిపోతుంది.

తిమ్మిరి లేకుండా నొప్పే ఉంటే

మణికట్టుకి నాలుగైదు వేళ్ళ పైన, ముంజేతి వెనకవైపు నొప్పి, అక్కడ వేలు పెట్టి చెయ్యి కదిలిస్తే కిర్రుమన్న శబ్దం లేదా కరకర చేతికి తెలియడం: ఇది స్నాయువుల పొరల వాపు, తెడ్డు వేసేవాళ్ళ జబ్బే. దీన్ని సరదాగా తీసుకోకూడదు. ఆ రోజుతో ఆపేయాలి. వారం ఆగకుండా మళ్ళీ దిగినవాళ్ళు నెలలు కూర్చోవాల్సి వస్తుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉండి, బొటనవేలిని పిడికిట్లో దాచి చెయ్యి చిటికెన వైపు వంచితే ప్రాణం పోయినట్టుంటే అది ఇంకో స్నాయువు జంట. మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి అయితే, టెన్నిస్ ఆడకపోయినా టెన్నిస్ ఎల్బో. దానికి లీటరు నీళ్ళ సీసా పట్టుకుని, అరచెయ్యి కిందికి పెట్టి మణికట్టుని మెల్లగా కిందికి దించే వ్యాయామం బాగా పనిచేస్తుంది. ఓపిక కావాలి, ఫలితానికి నెలలు పడుతుంది.

పెయిన్ కిల్లర్ వేసుకుని నీళ్ళలోకి దిగడం మన గుంపుల్లో మామూలైపోయింది. వద్దు. నొప్పి చెప్పే మాట వినపడకుండా చేసుకుంటున్నారు, పైగా ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి.

కట్టు, సూది, కత్తి

తిమ్మిరి ఒడ్డుకొచ్చిన పావుగంటలో పోతుంటే ఇప్పటిదాకా చెప్పినవే చూసుకోండి. రాత్రిదాకా ఉంటే రెండు వారాలు తెడ్డు ముట్టకండి. చెయ్యి పట్టు తప్పి గ్లాసు జారుతుంటే, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైతే, బొటనవేలి కింద కండ పల్చబడితే, ఇక ఇంటి వైద్యం మాని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

కార్పల్ టన్నెల్‌కి మొదటి మెట్టు రాత్రిపూట మణికట్టు పట్టీ, లోపల గట్టి బద్ద ఉన్నది. మణికట్టుని నిటారుగా ఉంచాలి, వెనక్కి వంచి ఉంచే పట్టీలు కొన్ని అమ్ముతారు, అవి వద్దు. ఆరు వారాలు వదలకుండా కట్టాలి. అదే పట్టీ కట్టుకుని తెడ్డు వేస్తే మాత్రం మణికట్టు చేయాల్సిన పని మోచెయ్యీ భుజమూ నెత్తినేసుకుంటాయి. చిటికెన వేలి రకానికి మోచేతి చుట్టూ తువ్వాలు చుట్టి పడుకుంటే నిద్రలో ముడవకుండా ఉంటుంది. నరాల బిళ్ళలు బి12 లోపం ఉన్నవారికి మందు, నలిగిన నరానికి కాదు. మెడనొప్పి ఉందని సెలూన్‌లో మెడ విరిపించుకోవడం అయితే ప్రమాదకరం, దాని గురించి ఇంకో మాట అనవసరం.

పట్టీతో తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్. చాలామందికి కొన్ని నెలలు హాయినిస్తుంది, కొందరికి మళ్ళీ తిరగబెడుతుంది. ఆ నెలల్లో పట్టూ ఫెదరూ మార్చుకోనివారికి తిరగబెట్టడంలో వింత లేదు. స్పర్శ పూర్తిగా పోతున్నా, కండ తగ్గుతున్నా ఆపరేషన్ వాయిదా వేయకూడదు, ఎండిపోయిన కండ తర్వాత తిరిగి రావడం కష్టం. ఆపరేషన్ చిన్నదే, ఆ రోజే ఇంటికి పంపుతారు. చేతిలో మునుపటి బలం రావడానికి మాత్రం మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అనుకోండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మొదట మామూలు ఫిజీషియన్, షుగర్, థైరాయిడ్, బి12 పరీక్షల కోసం. తర్వాత ఆర్థోపెడిక్ లేదా న్యూరాలజీ. నరంలో కరెంటు ఎంత వేగంగా వెళ్తోందో చూసే పరీక్ష రాయించుకుంటే ఏ నరం, ఎక్కడ నలుగుతోంది అన్నది తేలుతుంది. మొదట్లో ఉన్న జబ్బుకి ఈ పరీక్ష మామూలుగా వచ్చినా కంగారు పడకండి, జబ్బు లేదని అర్థం కాదు. బరంపురంలో ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. అక్కడ కాదనుకుంటే మనవాళ్ళు అటు భువనేశ్వర్ ఎయిమ్స్‌కో, ఇటు విశాఖ కేజీహెచ్‌కో వెళ్తారు. దగ్గర అని భువనేశ్వర్, మాట సుళువని విశాఖ. ఎక్కడికి వెళ్ళినా మీరు తెడ్డు వేస్తుండగా పక్కనుంచీ ఎదురునుంచీ ఫోన్లో తీయించుకున్న వీడియో తీసుకెళ్ళండి. ఫిజియోథెరపిస్టులు కయాక్ ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, మణికట్టు ఎక్కడ వంగుతోందో వీడియోలో ఇట్టే పట్టేస్తారు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు గాలిలేని ఉదయం, తంపారా, చిన్న ఆకు, పావుగంట. మర్నాడు పొద్దున్న వేళ్ళు మామూలుగా ఉంటే తర్వాతిసారి ఐదు నిమిషాలు పెంచండి. ఉండకపోతే మళ్ళీ రెండు వారాలు ఆగి, అదే పావుగంటతో మొదలుపెట్టండి. రంభ దీవుల చుట్టూ తిరిగొచ్చేంత ఓపిక వచ్చాక గోపాలపురం అలలు. ఆపరేషన్ అయినవారు అప్పటికీ డాక్టరు సరే అన్నాకే.